కాల్షియం రియాక్టరు కుదురుకోవడానికి ఎనిమిది వారాలు

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుకి కాల్షియం రియాక్టరు పెట్టాను. సీఓటూ గ్యాసు కలిపిన నీళ్లతో సున్నపు ముక్కల్ని (వాటినే మీడియా అంటారు) కరిగించి, పగడాలకి కావలసిన కాల్షియం, కార్బొనేటు ఇచ్చే గొట్టం అది. నవంబరు 28న కాగితం మీద లెక్కలతో మొదలుపెట్టాను. ట్యాంకు ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు, డీకేహెచ్‌లలో కొలుస్తారు) వరసగా పది రోజులు 8.0కీ 8.3కీ మధ్యే నిలబడ్డాక, జనవరి 24న ఇక చాలనుకున్నాను. ట్యూబులు తగిలించి నీళ్లు తిప్పే పని ఒక్క పూటలో అయిపోతుంది. మిగతా కాలమంతా కొలవడం, ఆగడం, మళ్లీ కొలవడం.

ట్యాంకు 120 గ్యాలన్లది, న్యూజెర్సీలో మా హాల్లో ఉంది. రాళ్లూ ఇసుకా పోను, సంపుతో (ట్యాంకు కిందుండే తొట్టితో) కలిపి నికరంగా 400 లీటర్ల నీళ్లు. ఉన్నవి ఎక్కువగా అక్రోపోరా, మోంటిపోరా పగడాలు. అప్పటిదాకా టూ పార్ట్ మీద, అంటే రెండు ద్రావణాలు విడివిడిగా పోస్తూ నడిపాను. సోడా యాష్ ద్రావణం రోజుకు 150 మి.లీ., కాల్షియం క్లోరైడ్ కూడా అంతే.

ముందు డబ్బు సంగతి. రియాక్టరు పెడితే పొదుపని చాలామంది అంటారు. నాకైతే కాలేదు. వాడిన రియాక్టరు 280 డాలర్లు, సోలినాయిడ్‌తో (కరెంటుతో గ్యాసు తెరిచి మూసే వాల్వు) రెండు స్టేజీల గ్యాసు రెగ్యులేటరు 240, 5 పౌండ్ల సిలిండరు గ్యాసుతో సహా 115, మీడియా 70, పీహెచ్ చూసి గ్యాసు ఆపి తెరిచే కంట్రోలరు 110, దానికి తర్వాత కొనక తప్పని కొత్త ప్రోబు (పీహెచ్ కొలిచే కడ్డీ) 55, పెరిస్టాల్టిక్ పంపు (ట్యూబుని నొక్కుతూ నీళ్లని కొలతగా కదిలించేది) 230, ట్యూబులూ వాషర్లూ క్యాలిబ్రేషన్ ద్రావణాలూ కలిపి 60. మొత్తం 1,160. టూ పార్ట్ పొడులు టోకున కొనుక్కుంటే నాకు ఏడాదికి వంద డాలర్లు కూడా అయ్యేవి కాదు. పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుందో మీరే లెక్కేసుకోండి.

అయినా మారడానికి రెండు కారణాలు. ఒకటి ఉప్పు. కార్బొనేటూ కాల్షియమూ పగడాల్లోకి పోతే, సోడా యాష్‌లోని సోడియం, కాల్షియం క్లోరైడ్‌లోని క్లోరైడ్ నీళ్లలోనే మిగిలిపోతాయి. నా మోతాదుకి రోజుకు దాదాపు 17 గ్రాములు, అంటే నెలకు అరకిలో ఉప్పు. ట్యాంకులో ఉన్న ఉప్పంతా కలిపి 14 కిలోలు. నెలనెలా సాలినిటీ ఎక్కుతూ ఉంటే మంచినీళ్లతో సరిచేస్తూ కూర్చోవాలి. రెండోది ఇండియా ప్రయాణం. గ్యాలన్ డబ్బా 25 రోజులకి ఖాళీ అవుతుంది, మనం వెళ్లేది నాలుగైదు వారాలకి.

రియాక్టరు కొనేముందు చెయ్యాల్సిన లెక్క ఒకటే: మీ ట్యాంకు రోజుకు ఎంత ఆల్కలినిటీ తాగుతోంది? నా సోడా యాష్ ద్రావణం మి.లీ.కి 1.9 మిల్లీ ఈక్వివలెంట్లు. 150 మి.లీ.కి 285. దాన్ని 400 లీటర్లతో భాగిస్తే 0.71. లీటరుకి ఒక మిల్లీ ఈక్వివలెంటంటే 2.8 డీకేహెచ్ కాబట్టి 2.8తో గుణిస్తే రోజుకు 2.0 డీకేహెచ్. నిజమో కాదో చూద్దామని డోసింగ్ 12 గంటలు ఆపితే 8.3 నుంచి 7.4కి దిగింది. లెక్క సరిపోయింది. కాల్షియం సంగతి వేరే పట్టించుకోనక్కర్లేదు. కరిగే రాయి ఏ పాళ్లలో ఇస్తుందో పగడం దాదాపు ఆ పాళ్లలోనే తీసుకుంటుంది, 2.8 డీకేహెచ్‌కి 20 పీపీఎం చొప్పున. మెగ్నీషియం మాత్రం ఆరగొనైట్ మీడియాలో తక్కువ. అది ఇప్పటికీ విడిగానే వేస్తున్నాను.

డిసెంబరు 4న రియాక్టరు వచ్చింది. 6 అంగుళాల గొట్టం, పక్కన నీళ్లని లోపలే తిప్పే పంపు. గోడలకీ ఇంపెల్లరుకీ సున్నం గట్టిగా పట్టి ఉంది. సమానంగా వెనిగరూ నీళ్లూ పోసి, పంపు నడుపుతూ ఒక రాత్రి వదిలేస్తే వచ్చేసింది. మూత ఓ-రింగు ఎండి బిగిసిపోయి ఉంటే 4 డాలర్లకి కొత్తది వేశాను. దానికి సిలికాన్ గ్రీజే రాయాలి, వాజలీన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. సంపు పక్కన పెట్టేముందు ఉత్త నీళ్లతో స్నానాల తొట్టిలో పేపర్ టవల్ పరిచి 24 గంటలు నడిపాను. ఆరో గంటకి పంపు యూనియన్ కింద రూపాయి బిళ్లంత తడి. హాల్లో చెక్క నేల మీద కనిపించాల్సింది అక్కడే కనిపించింది.

డిసెంబరు 7, గ్యాసు. ఆన్‌లైన్‌లో కొన్న మెరిసిపోయే కొత్త అల్యూమినియం సిలిండరు పట్టుకుని వెల్డింగు సామాన్ల షాపుకి వెళ్తే, అది తీసుకుని గీతలు పడ్డ పాతది నిండుగా ఉన్నది ఇచ్చారు. అక్కడ పద్ధతే అంత, మార్పిడి. నా సిలిండరే నింపి ఇవ్వాలంటే రెండు రోజులు ఆగమన్నారు. ముందే తెలిస్తే కొత్తది కొనేవాణ్ణే కాదు. తీసుకునేటప్పుడు భుజం మీద చెక్కిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) తేదీ చూసుకోండి, ఐదేళ్లు దాటితే నింపరు. కారులో నిలబెట్టి బెల్టు పెట్టి, అద్దం కాస్త దించి తెచ్చాను.

రెగ్యులేటరు నట్టుకి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. అక్కడ గ్యాసుని ఆపేది మరలు కాదు, లోపలుండే చిన్న నైలాన్ వాషరు. 8వ తేదీ రాత్రి బిగించి, సిలిండరు వాల్వు ఒకసారి తెరిచి మూసేసి పడుకున్నాను. గేజి 800 పీఎస్ఐ దగ్గర. పొద్దున్న చూస్తే 350. సబ్బు నీళ్లు రాస్తే నట్టు అంచున ఆవగింజల్లాంటి నురగ. వాషరు వంకరగా కూర్చుంది. కొత్తది వేసి బిగిస్తే ఆ తర్వాత ముల్లు కదల్లేదు. ఈ పరీక్ష చెయ్యనివాళ్లే సిలిండరు మూడు వారాలకి అయిపోయిందని వాపోతుంటారు. గ్యాసు ట్యూబు పాలీయురథేన్‌దే వాడాలి, సిలికాన్ ట్యూబు గోడల్లోంచి సీఓటూ జారిపోతుంది. పని ఒత్తిడి 12 పీఎస్ఐకి పెట్టాను. ఆ రోజే సిలిండరుని రెగ్యులేటరుతో సహా తూచి అంకె గోడ మీద రాసుకున్నాను, ఎందుకో చివర్లో చెప్తాను.

మీడియా పెద్ద ముక్కలదే తీసుకోండి, సన్నదైతే గడ్డకట్టి నీళ్లు ఒకే దారిన పోతాయి. బియ్యం కడిగినట్టు ఆర్వో నీళ్లలో ఏడెనిమిదిసార్లు కడిగినా, 9వ తేదీన నింపి తిప్పితే కుడితి రంగు నీళ్లే. గ్యాసు లేకుండా ఒక రోజు తిప్పి, ఆ నీళ్లు పారబోశాను. మీడియా సందుల్లో ఇరుక్కున్న గాలి పైకి చేరి పంపులోకి పోయిందంటే పకోడీలు వేగుతున్న చప్పుడు వస్తుంది. రియాక్టరుని మెల్లిగా అటూ ఇటూ వంచి, పైనున్న గాలి మర తిప్పి వదలాలి. మూడు రోజులు ఇదే పని.

డిసెంబరు 10 సాయంత్రం గ్యాసు తెరిచాను. నీళ్లు నిమిషానికి 30 మి.లీ., బుడగలు నిమిషానికి 20. లోపలి పీహెచ్ 7.9 నుంచి ఐదు గంటల్లో 7.0కి, పొద్దుటికి 6.8కి వచ్చింది. ఇక్కడొక మాట. ఎవరో నిమిషానికి 40 బుడగలు పెట్టారని మీరూ 40 పెట్టడం దండగ. బుడగ సైజు ఒక్కో బుడగల కౌంటరుకి ఒక్కోలా ఉంటుంది. ఆ అంకె మీ రియాక్టరులో నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికే పనికొస్తుంది.

బయటికొచ్చే నీటిని కొలవబోతే నా మీటరు అంకె మినుకుమినుకుమంటూ ఆగిపోయింది. అది 20 డీకేహెచ్ దాకే చూపించగలదు. సిరంజితో 5 మి.లీ. రియాక్టరు నీరు, 5 మి.లీ. ఆర్వో నీరు కలిపి, వచ్చిన అంకెని రెట్టింపు చేసుకుంటే సరి. నీళ్లు చిట్లుతూ గ్యాసు వదులుతున్నాయి కదా, కొలత తప్పుతుందేమో అని భయం వేసింది. సీఓటూ ఎగిరిపోతే పీహెచ్ మారుతుంది గానీ ఆల్కలినిటీ మారదు. సున్నం విడిపోయి తెల్లగా పేరుకునేదాకా ఉంచకపోతే చాలు.

అసలు తంటా డిసెంబరు 11న మొదలైంది. నీటి వేగాన్ని బయటి ట్యూబు చివరున్న సూది వాల్వుతో అదుపు చేస్తున్నాను. పడుకునేముందు 30 మి.లీ., పొద్దున్న 11. సరిచేస్తే 30, రాత్రికి 14. వాల్వు సందు దాటగానే ఒత్తిడి తగ్గి గ్యాసు విడిపోతుంది, అక్కడే సున్నం పేరుకుంటుంది, మీడియా ధూళి దానికి తోడు. నీళ్లు తగ్గినా గ్యాసు మాత్రం అంతే పడుతూ ఉంటుంది. 14వ తేదీ పొద్దున లోపలి పీహెచ్ 6.21. మూత తీసి ఒక ముక్క వేళ్ల మధ్య నలిపితే పైపొర ముగ్గుపిండిలా చేతికంటింది. అలాగే వదిలేస్తే మీడియా మొత్తం ముద్దై, తిరిగే పంపు అరిగిపోతుంది.

ఆ నాలుగు రోజులు నేను బుడగలు తగ్గించడం, పెంచడం చేస్తూ పోయాను. అదే తప్పు. రియాక్టరులో మన చేతికందే మరలు రెండే, నీళ్లూ గ్యాసూ. నీళ్లు తనంతట తాను మారుతుంటే గ్యాసుని ఎంత సరిచేసినా దేనికి సరిచేసినట్టు? నిరంతరం నడవగల పెరిస్టాల్టిక్ పంపుకి 16న ఆర్డరు పెట్టాను, 19న వచ్చింది. రోజుకు పది నిమిషాలు తిరిగే డోసింగ్ పంపు దీనికి పనికిరాదు, మోటారు కాలిపోతుంది. డబ్బు తక్కువుంటే కంట్రోలరు తర్వాత కొనండి, సెకండ్ హ్యాండ్ రియాక్టరు కొనండి, ఈ పంపు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

పంపు రియాక్టరులోకి తోసేలా కాకుండా, బయటి వైపునుంచి లాగేలా పెట్టాను. లోపలికొచ్చే నీళ్లు సంపు నుంచి ట్యాంకుకి నీళ్లెత్తే రిటర్న్ పంపు మానిఫోల్డు నుంచి, ఆ వాల్వు పూర్తిగా తెరిచి. లోపలి వైపు ఎక్కడైనా మూసుకుపోతే మాత్రం మూత సందులోంచి గాలి లాగుతుంది, అందుకని ఆ దారిలో ఒక స్పాంజి ముక్క, నెలకోసారి కడగడం. పంపు తెర మీద 30 అని పెడితే కొలజాడీలో నిమిషానికి 27 పడింది. తెరని కాదు, జాడీని నమ్మండి.

నీళ్లు 30 దగ్గర కదలకుండా నిలిచాక లెక్క చిన్నపిల్లలు కూడా చెయ్యగలిగేదే. నిమిషానికి 30 మి.లీ. అంటే రోజుకు 43.2 లీటర్లు. ట్యాంకుకి కావలసింది 400 లీటర్లకి 2 డీకేహెచ్ చొప్పున 800. 800ని 43.2తో భాగిస్తే 18.5. రియాక్టరు నీరు ట్యాంకు నీటికన్నా 18.5 డీకేహెచ్ ఎక్కువ ఉండాలి. ట్యాంకు 8 కాబట్టి 26.5. అంతే. ఇక గ్యాసుతో ఆ 26.5 పట్టుకోవాలి.

ఒకేసారి పట్టుకోకూడదు. 20న లోపలి పీహెచ్ 6.9 దగ్గర పెడితే బయటి నీరు 17 డీకేహెచ్ వచ్చింది, అంటే ట్యాంకు అవసరంలో సగం. టూ పార్ట్ 150 నుంచి 75కి తగ్గించాను. ప్రతి మార్పుకీ 24 గంటలు ఆగాలి, అదీ ఒకసారి ఒక మరే తిప్పాలి. ఆగడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు, రాత్రి పన్నెండుకి క్యాబినెట్ తలుపు తీసి సూది వాల్వు మీద చెయ్యేసి మళ్లీ తీసేసుకున్న రోజులున్నాయి. 25న పీహెచ్ 6.75, నీరు 21.5, టూ పార్ట్ 38. నాలుగు రోజులూ ట్యాంకు 8.1.

29న 6.60 పెట్టి టూ పార్ట్ పూర్తిగా ఆపేశాను. బయటి నీరు కొలవలేదు, రెండు అడుగులూ సరిగ్గా పడ్డాయి కదా, మూడోది ఎక్కడికి పోతుందిలే అని. కొత్త సంవత్సరం హడావుడిలో ట్యాంకూ కొలవలేదు. జనవరి 2న ట్యాంకు 9.4. రెండు అక్రోపోరాల కొమ్మల చివర్లు గోరంత మేర తెల్లబడ్డాయి. బయటి నీరు కొలిస్తే 26.5 ఉండాల్సింది 31.

కారణం ప్రోబు. ట్యాంకులో రెండేళ్లు వాడిన పాతదాన్ని 55 డాలర్లు మిగులుతాయని ఇందులో పెట్టాను. 7.0 ద్రావణంలో ముంచితే 7.14 చూపించింది. అది ఎక్కువ చూపిస్తే కంట్రోలరు ఇంకా దిగలేదనుకుని గ్యాసు వదులుతూనే ఉంటుంది. తెర మీద 6.60, లోపల నిజానికి 6.46. కొత్త ప్రోబు కొన్నాను. దాన్ని 7, 10 ద్రావణాలతో కాదు, 4, 7 ద్రావణాలతో క్యాలిబ్రేట్ చెయ్యాలి, మనం చదివే అంకె వాటి మధ్యలో ఉంటుంది కాబట్టి. ఎక్కువైన ఆల్కలినిటీ దించడానికి ఏమీ పొయ్యలేదు. గ్యాసు తగ్గించి, పగడాలే తాగేదాకా నాలుగు రోజులు ఆగాను. రెండు అక్రోపోరాల్లో ఒకటి చివర్లు మళ్లీ కప్పుకుంది, రెండోదానికి తెల్ల మొనలు ఇంకా ఉన్నాయి.

అప్పటినుంచి కంట్రోలరు పని మార్చాను. అది గంటకు పదిసార్లు సోలినాయిడ్‌ని టిక్కుటిక్కుమనిపించడం మాన్పించి, బుడగల వేగమే 6.6 దగ్గర నిలిచేలా సర్దాను, ఇప్పుడు నిమిషానికి 35. కంట్రోలరు 6.45 దగ్గర కాపలా మాత్రమే. సోలినాయిడ్, లోపల తిప్పే పంపు ఒకే ప్లగ్గు మీద ఉండాలి. కరెంటు పోతే రెండూ ఆగాలి, ఒకటి ఆగి ఇంకోటి నడవకూడదు.

ట్యాంకు పీహెచ్ పడిపోతుందని తెలిసే దిగాను, కానీ ఇంతని తెలియదు. సోడా యాష్ రోజుల్లో 8.10–8.28 ఉండేది, ఇప్పుడు 7.82–8.00. చలికాలం, కిటికీలన్నీ బిగించి ఉంటాయి, ఇంట్లోనే సీఓటూ ఎక్కువ. సంక్రాంతికి పద్దెనిమిది మంది వచ్చారు, స్టవ్ మీద పొద్దున్నుంచి అరిసెలు, రాత్రి తొమ్మిదికి పీహెచ్ 7.71. రియాక్టరు ముట్టుకోలేదు. అందరూ వెళ్లాక కిటికీ పావుగంట తెరిస్తే గంటలో 7.80. మర్నాడే స్కిమ్మరు (గాలి బుడగల నురగతో నీళ్లలోని మురికి తీసేది) గాలి ట్యూబుని కిటికీ సందులోంచి బయటికి పెట్టాను, 0.1 పైగా పెరిగింది. రియాక్టరు నీరు స్కిమ్మరు ఉన్న గదిలోనే పడేలా మార్చాను. పాత మీడియా క్యానిస్టరులో అదే మీడియా నింపి రెండో గదిగా కలిపితే బయటికొచ్చే నీటి పీహెచ్ 6.6 నుంచి 6.9కి వచ్చింది, మిగిలిన గ్యాసు అక్కడ ఖర్చవుతోంది. కల్క్‌వాసర్ (సున్నపు నీళ్లు) కలిపితే ఇంకా లేస్తుందని తెలుసు. కానీ ఆవిరైన నీళ్లకి బదులు నింపే టాప్ ఆఫ్ ఫ్లోటు ఇరుక్కుంటే మనిషి లేని ఇంట్లో అదంతా ట్యాంకులో పడుతుంది. తిరిగొచ్చాక చూస్తాను.

మీడియా ఎంత కరుగుతోందంటే లెక్క ప్రకారం రోజుకు 14 గ్రాములు, ఏడాదికి ఐదు కిలోలు. గొట్టం మీద మార్కరుతో గీత గీశాను. ఇప్పటికి వేలు మందం దిగింది.

ఇక గ్యాసు. ముల్లు 800 దగ్గరే ఉందని ధీమాగా ఉండకండి. లోపల ద్రవం ఉన్నంతకాలం అది కదలదు, ద్రవం అయిపోయాకే దిగడం మొదలుపెడుతుంది. బరువే చెప్తుంది. ఫిబ్రవరి 3 ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఎలాగూ బయటికి తీశాం, సిలిండరు మెడకి పట్టీ వేసి ఎత్తాను. గోడ మీది అంకె కన్నా 1.1 పౌండ్లు తక్కువ. 45 రోజులకి అర కిలో, రోజుకు 11 గ్రాములు. ఇంకా 3.9 పౌండ్లు ఉంది, అయిదు వారాలకి బోలెడు. వారానికోసారి వచ్చి చూసే స్నేహితుడి కోసం సిలిండరు మీద కాగితం అంటించాను: "ట్యూబు చివర తెల్లగా ఉంటే తుడువు. ఆల్కలినిటీ కొలిచి ఫొటో పంపు. 9 దాటితే ఈ నల్ల మర కుడివైపు తిప్పి మూసెయ్యి. ఇంక దేన్నీ ముట్టుకోవద్దురా బాబూ."